ఉక్కుతల్లి నాలుక

తెల్లవారి రెండు ఘడియలైనా రెల్లుమడుగు మీద మంచు విచ్చలేదు. ముందు ఎటు వెళ్తున్నారో తెలియదు గాని, వెనక ఎవరు వస్తున్నారో మాత్రం ఇద్దరికీ బాగా తెలుసు. ధూమ్రపాదుడి రౌతులు పన్నెండుమంది మడుగు ఒడ్డున చెదిరి, రెల్లుదుబ్బులను ఈటెలతో పొడిచి వెదుకుతున్నారు. గుర్రాల సకిలింపు ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి వస్తోంది.

హరితాద్రి రాజ్యానికి యువరాజైన శరభపాలుడు మోకాటిలోతు బురదలో నిలబడి ఉన్నాడు. తలకు మాసిన పాగా, పళ్ళకు మసి, భుజాన సూదుల బుట్ట. చూసినవాళ్ళెవరూ అతన్ని రాజు కొడుకు అనుకోరు. సూదుల గురివికి అల్లుడని మూడు రోజులుగా దారి పొడవునా చెప్పుకుంటూ వచ్చారు. గురివికి యాభై ఏళ్ళు. సూదులు సాగదీసి, సానపట్టి, ఊరూరా తిరిగి అమ్మడం ఆమె వృత్తి. యువరాజును అల్లుడా అని పిలిచే అవకాశం మళ్ళీ రాదనుకుందో ఏమో, ఎవరూ లేని చోట కూడా ఆ పిలుపు మానలేదు.

మూడు నెలల కిందట రాజు వేటలో చనిపోయాడు. కొడుకే చంపించాడని రాజగురువు ధూమ్రపాదుడు చాటింపు వేయించి, ఖాళీ సింహాసనం పక్కన తాను పీఠం వేసుకున్నాడు. ఆ రాత్రే యువరాజును కోట దాటించినవాడు ముసలి అశ్వాధిపతి గండమనాయకుడు. తల్లి లేని శరభపాలుణ్ణి ఎత్తుకు పెంచిందీ, గుర్రమెక్కించిందీ ఆయనే, అతను ఆయన్ని బాబాయి అనే పిలుస్తాడు. ఇప్పుడు ఆయన పట్టుబడ్డాడు. ఈరోజు మధ్యాహ్నం నల్లకొండ మీద ఉక్కుతల్లి గుడిలో ఆయనకు దివ్యపరీక్ష. ఓడితే కొండ అంచు నుంచి తోసేస్తారు. ధూమ్రపాదుడు ఓడించాలనుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ గెలవలేదు.

"కొండ ఎటుందో తెలిస్తే చాలు అత్తా, ఈదుకుంటూనైనా పోతాను" అన్నాడు శరభపాలుడు.

"ఉత్తరాన ఉండాది. ఉత్తరం యాడుందో దీన్నడుగుదాం" అని గురివి మెడలోని రాయిని తీసి సూదుల బుట్టలో వేసి, బుట్టను దూరంగా రెల్లుదుబ్బు మీద పెట్టి, కొబ్బరిచిప్పలో మడుగునీళ్ళు ముంచింది. ఒక ఎండు రెల్లాకు ముక్క మీద సన్నని సూదిని పడుకోబెట్టి నీళ్ళ మీద వదిలింది. "రాత్రి దీన్ని రాయికి రుద్దినా. ఒకే పక్కకి, నలభైసార్లు. ఎనక్కీ ముందుకీ రుద్దితే పనికిరాదు."

ఆమె మెడలో తాడుకు వేలాడే నల్లరాయి ఉసిరికాయంత ఉంటుంది. సూదంటురాయి. సూదులవాళ్ళందరి దగ్గరా ఉంటుంది. దుమ్ములో పడ్డ సూదుల్ని ఏరుకోవడానికి అంతకు మించిన పనిముట్టు లేదు. దానికి తల ఒకవైపు, తోక ఒకవైపు. రెండు రాళ్ళుంటే, తలను తలకు చూపిస్తే నెట్టుకుంటాయి, తలను తోకకు చూపిస్తే అతుక్కుంటాయి. ఇంతే దాని సంగతి. ఇందులో మంత్రమేమీ లేదు.

సూది గిర్రున తిరిగింది. తిరిగి తిన్నగా శరభపాలుడి నడుము వైపు చూస్తూ నిలిచిపోయింది. అతను పక్కకు జరిగాడు. సూదీ జరిగింది.

గురివి కళ్ళెత్తి చూసింది. "మొలలో ఏముండాది అల్లుడా?"

అతను పంచెలోంచి జానెడు కత్తి తీశాడు. గండమనాయకుడు ఇచ్చిన కత్తి అది.

"ఇనుము దగ్గరుంటే సూది అబద్ధం చెప్తాది. కత్తి గావాలో, దారి గావాలో నువ్వే చూసుకో."

శరభపాలుడు కత్తిని ఒకసారి కళ్ళకద్దుకుని మడుగులో వదిలాడు. వెంటనే సూది మనసు మార్చుకుంది. రెండు ఊగులు ఊగి ఒక దిక్కుకు తల పెట్టి నిలిచింది. ఇద్దరూ అటు నడిచారు. ప్రతి వంద అడుగులకీ చిప్పలో సూదిని వదిలి చూసుకున్నారు. అవతలి గట్టు కాలికి తగిలిందని సంతోషించేలోగా మంచులోంచి ఒక గుర్రపుముట్టె, దాని వెనక ఒక ఈటె బయటికొచ్చాయి.

రౌతు "ఎవర్రా" అన్నాడు. శరభపాలుడు జవాబు చెప్పకుండా ఈటె కొసను చంకలో ఇరికించుకుని పక్కకు తిరిగాడు. రౌతు ఈటెను వదలనందుకు దానితోపాటే వచ్చి బురదలో బోర్లా పడ్డాడు. మరుక్షణం శరభపాలుడు జీను మీద ఉన్నాడు, బుట్టతో సహా గురివి అతని వెనక ఉంది. గుర్రం సరుగుడు తోపులోకి దూసుకుపోయింది. వెనక కేకలు లేచాయి. బాణం ఒకటి బుట్ట అంచుకు గుచ్చుకుని అక్కడే ఆగింది.

"కొమ్మ" అన్నాడు శరభపాలుడు, గుర్రం మెడ మీదికి వాలిపోతూ.

"ఏం కొమ్మ?" అంది గురివి. అనేసరికి ఆ కొమ్మే వచ్చి ఆమె తలగుడ్డను ఎత్తుకుపోయింది.

తోపు దాటాక నుదురు తడుముకుంటూ ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. శరభపాలుడు నవ్వాపుకుంటూ చెప్పాడు. "నాకు ఆరేళ్ళప్పుడు బాబాయి అడవిలో గుర్రం నేర్పేవాడు. అడ్డం వస్తే 'కొమ్మ' అనేవాడు. అంతే, నేను వంగిపోవాలి. కొమ్మ ఉందా లేదా అని చూడకూడదు. చూస్తే ఆలస్యమైపోతుంది. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని నేను తోలేటప్పుడు నేనూ అనేవాణ్ణి. ఆయనా అట్లాగే వంగేవాడు."

"బాగుండాది. గుళ్ళో మాత్రం ఆయన్ని బాబాయని పిలిచినావంటే, ఆడికాడే ఇద్దరూ చస్తారు. నోరు కుట్టేసుకో. సూది నేనిస్తా" అంది గురివి.

నల్లకొండ మొత్తం ఒకే రాయిలా ఉంటుంది. దాని నడుం చుట్టూ ఏడువందల మెట్లు, మెట్ల పొడవునా గుగ్గిలపు పొగ, పొగలోంచి శంఖాల మోత. కొండ నెత్తిన ఉక్కుతల్లి గుడి. నూటెనిమిది నల్లరాతి స్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక్కో కంచు సింహం, సింహాల కళ్ళల్లో కెంపులు. గర్భగుడిలో నిలువెత్తు కంచు అమ్మవారు కంచు పద్మం మీద పద్మాసనం వేసుకుని కూర్చుని ఉంటుంది. మెడలో ఎర్రగన్నేరు దండ, చెవులకు చేటలంత కమ్మలు. నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లోంచి కొబ్బరికాయంత నల్లరాయి బయటికి పొడుచుకు వస్తుంది. అది ఆమె నాలుక. అభియోగం పడ్డవాడు నల్లరంగు పూసిన కత్తిని రెండు అరచేతుల మీద పరిచి ఆ నాలుకకు జానెడు దూరంలో నిలబడాలి. తల్లి కత్తిని లాక్కుంటే దోషి. వదిలేస్తే నిర్దోషి.

మెట్ల దగ్గర చాటింపువాడు డప్పు కొట్టి నియమాలు చదువుతున్నాడు. ఆయుధాలతో పైకి రాకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. దీక్ష లేనివాడు తల్లిని తాకకూడదు. తాకితే మైలపడిన నాలుకను గురువుగారు గుడి కొలిమిలో ఎర్రగా కాల్చి శుద్ధి చేసేదాకా పరీక్ష సాగదు. తాకినవాడి చెయ్యి మణికట్టు దాకా నరుకుతారు. ఈ నియమం పాత రాజులది కాదు. జనం దగ్గరికొచ్చి చూస్తే తన గుట్టు బయటపడుతుందని ధూమ్రపాదుడు కొత్తగా పెట్టినది.

గురివి మెట్టు మీదే ఆగిపోయింది. "ఇంకోసారి సదవమను" అంది. చాటింపువాడు ఇంకోసారి చదివాడు. ఆమె ఏమీ అనకుండా పైకెక్కింది.

పైన మంటపంలో జనం కిక్కిరిసి ఉన్నారు. గర్భగుడి పక్కగోడలో ఒక ఇనుపకట్ల తలుపు ఉంది. దానికి తాళం లేదు, గొళ్ళెం లేదు, పట్టుకునే పిడైనా లేదు. ధూమ్రపాదుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, బూడిద పూసుకున్న ఒళ్ళు, కాషాయం, మెడలో పిడికెడంత బంగారు భరిణె. తలుపుకు రొమ్ము ఆనించి కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతూ పక్కకు జరిగాడు. లోపల గడియ దానంతటదే జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. జనం చేతులు జోడించారు.

లోపలి నుంచి పూజాసామగ్రి తీసుకుని ఆయన తిరిగివస్తూ గురివి ముందునుంచి వెళ్ళాడు. వెళ్తుంటే శరభపాలుడి భుజాన ఉన్న బుట్టలో సూదులన్నీ గలగలమని ఆయన వైపు తలలు తిప్పాయి. దాటిపోయాక వాటి పాటికి అవి పడుకున్నాయి.

"ఆ భరిణెలో ఉండేది రాయే" అంది గురివి, పెదవులు కదపకుండా. "బంగారం దానికి అడ్డం రాదు. చెక్క కూడా అడ్డం రాదు. గడియ ఇనపది. రాయి యాడికి పోతే గడియ ఆడికి పోతాది. ఈ మాయ నేను సంతలో చేసి చూపిస్తే ఒక్కడూ దణ్ణం పెట్టలేదు."

ముందుగా ఒక వర్తకుడికి పరీక్ష జరిగింది. అతను గురువుగారికి కావలసినవాడు. సేవకుడు నల్లకత్తిని తెచ్చి రాతిబల్ల మీద పెట్టాడు. వర్తకుడు దాన్ని అరచేతుల మీద పరిచి నాలుక ముందు నిలబడ్డాడు. కత్తి కదల్లేదు. నిర్దోషి అన్నారు. అతను ఏడ్చినట్టు నటించి వెళ్ళిపోయాడు. ఆ కత్తిని బల్ల కింద పెట్టి, అలాంటిదే ఇంకొక నల్లకత్తిని బల్ల మీద పెట్టాడు సేవకుడు.

గురివి చెవి రిక్కించింది. "ఇన్నావా? ముందుది ఖంగుమనింది. ఇది టక్కుమనింది. ముందుది కంచు. రెండోది ఇనుము. నల్లరంగు పూస్తే కళ్ళకి తెలవదు, చెవికి తెలస్తాది. రాయి కంచు మొహం చూడదు. మీ బాబాయి చేతికి ఇచ్చేది రెండోదాన్ని."

రెండు కత్తులూ తారుమారు చేద్దామంటే బల్ల చుట్టూ ఎనిమిదిమంది భటులు ఉన్నారు. సంకెళ్ళ చప్పుడు వినిపించింది. గండమనాయకుణ్ణి తీసుకొస్తున్నారు. మూడు నెలల్లో ఆయన సగమయ్యాడు. గడ్డం పెరిగింది. నడక మాత్రం మారలేదు, గుర్రం దిగి వస్తున్నట్టే ఉంది. ఆయన్ని చూడగానే శరభపాలుడికి ఏడుపొచ్చింది. పెదవి కొరుక్కున్నాడు.

గురివి అతని మోచెయ్యి పట్టుకుంది. "మా ఆయన ఒకసారి సూదులతోపాటు మా తాత కాలంనాటి రాయిని గూడా కొలిమిలో ఏసేసినాడు. ఎర్రగా కాలినాక తీసి చల్లార్చినాం. మళ్ళీ అది చచ్చినా సూదిని పట్టలా. ఉత్త రాయైపోయింది. ఆయనతో నెల్లాళ్ళు మాటలు మానేసినా." గడ్డంతో అమ్మవారి నోటిని చూపించింది. "ఎవరో ఒకరు ఆ నాలికను తాకాల. నేను తాకుతా. నాకు వయసైపోయింది."

"నీ చెయ్యి పోతే సూదులెవరు చేస్తారు అత్తా?" అన్నాడు శరభపాలుడు. అని బుట్టను ఆమె చేతిలో పెట్టాడు.

తరవాత జరిగింది రెప్పపాటులో జరిగింది. పిచ్చివాడిలా నవ్వుతూ, జనం భుజాల మీదుగా దూకి, భటుల ఈటెల కిందనుంచి దొర్లి, సూదుల గురివి అల్లుడు గర్భగుడి గడప దాటాడు. కంచు పద్మం మీద కాలు మోపి, లేచి, ఉక్కుతల్లి నాలుకను ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మా, ఆకలా?" అని అడిగాడు.

భటులు అతని మీద పడ్డారు.

"పిచ్చోడయ్యా" అని గురివి రొమ్ము బాదుకుంది. "నా కూతురి ఖర్మకొద్దీ దొరికినాడు. చెయ్యొక్కటీ తీసుకుని వదిలెయ్యండి సామీ. తల మాత్రం ఉండనియ్యండి." ఆ ఏడుపులో నటన ఎంతో, నిజం ఎంతో చెప్పడం కష్టం.

పరీక్ష ముగిశాక చెయ్యి నరుకుదామని అతన్ని స్తంభానికి కట్టేశారు. ధూమ్రపాదుడు చిరాకు పడ్డాడు. పరీక్ష ముందు కానిద్దాం, శుద్ధి తరవాత చూద్దామన్నాడు. ధర్మాసనం పెద్ద తిరువీధయ్య తాటాకు విప్పాడు. ముసలివాడు, చెవి కాస్త దూరం, చదివిన అక్షరం తప్ప ఇంకేదీ ఒప్పుకోడు.

"తమరు రాయించిందే ఇది. శుద్ధి కాందే పరీక్ష లేదని ఉంది" అన్నాడు.

ఇంతమంది ముందు తన నియమాన్ని తానే తప్పడానికి ధూమ్రపాదుడికి మొహం చెల్లలేదు. పైగా నిప్పులో వేస్తే రాయికేమవుతుంది అనుకున్నాడు. ఆయనకు తెలిసింది రాయిని వాడుకోవడం ఒక్కటే. ఆ రాయిని ఎవరి దగ్గర కాజేశాడో వాళ్ళు మిగతాది చెప్పకముందే కాజేశాడు. నాలుకను పెకలించి గుడి కొలిమిలో పెట్టించాడు. భక్తి చాటుకోవడానికి తిత్తులు తానే ఊదాడు. భటులు ఇక చాలన్నా వినలేదు, ఇంకో తట్ట బొగ్గులు పోయించాడు. స్తంభానికి కట్టేసి ఉన్న శరభపాలుడు ఆ భక్తిని కళ్ళారా చూశాడు. రాయి నిప్పుకణికలా ఎర్రబడింది, ఆ పైన పసుప్పచ్చగా వెలిగింది. తీసి బూడిదలో పెట్టారు. అది చల్లారేసరికి పొద్దు పడమటికి వాలింది.

నాలుకను మళ్ళీ నోట్లో బిగించారు. ఇనుపకత్తిని గండమనాయకుడి చేతుల మీద పెట్టారు. ముంజేతుల సంకెళ్ళు అలాగే ఉన్నాయి. ఆయన నాలుగడుగులు వేసి జానెడు దూరంలో ఆగాడు. శరభపాలుడు కళ్ళు మూసుకుందామనుకున్నాడు గాని మూసుకోలేకపోయాడు. ఒకవేళ గురివి వాళ్ళాయన కాల్చిన రాయి వేరు, ఇది వేరు అయితే? తన చెయ్యి సంగతి అతనికి గుర్తే లేదు.

కత్తి కదల్లేదు.

"ఇంకొంచెం దగ్గరికి" అన్నాడు ధూమ్రపాదుడు. గండమనాయకుడు జరిగాడు. "ఇంకొంచెం." ఇంకా జరిగాడు. కత్తి అంచు వెళ్ళి నాలుకకు తగిలింది. తగిలి, పొయ్యిగట్టుకు ఆనిన అట్లకాడలా ఊరికే ఉంది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, మళ్ళీ తగిలించి, మళ్ళీ తీసుకున్నాడు.

"తల్లికి ఆకలి లేనట్టుంది గురువుగారూ" అన్నాడు గండమనాయకుడు.

ముందు ఒక మూల ఎవరో నవ్వారు. ఆ నవ్వు మంటపమంతా పాకింది. తిరువీధయ్య చెయ్యెత్తి, తాటాకు తిరగేశాడు. "ప్రతివాది నిర్దోషి. అభియోగం వీగిపోతే, దాన్ని తెచ్చిన వాది అదే కత్తి పట్టాలి. ఇది పాత రాజుల శాసనం. గురువుగారూ, రండి."

ధూమ్రపాదుడు వెంటనే బల్ల కింద ఉన్న కత్తి కోసం చెయ్యి చాచాడు.

"అదే కత్తి అని ఉంది" అన్నాడు తిరువీధయ్య.

గండమనాయకుడు మర్యాద తెలిసిన మనిషి. కత్తిని రెండు చేతుల మీదా పరిచి, వినయంగా వంగి, గురువుగారికి అందించబోయాడు. ధూమ్రపాదుడు వెనక్కి తగ్గాడు. వెనక కంచు పద్మం అడ్డు వచ్చింది. కత్తి ముసలాయన అరచేతుల మీద ఒకసారి వణికింది. వణికి, జానెడు దూరం తనంతట తానే ఎగిరి, ధూమ్రపాదుడి రొమ్ము మీది బంగారు భరిణెకు ఠప్పున అతుక్కుంది.

నవ్వు ఆగిపోయింది. గురువుగారు రొమ్మున వేలాడే కత్తితో, రెండు చేతులూ ఖాళీగా, అమ్మవారి ముందు నిలబడి ఉన్నారు.

"తల్లి దోషిని పట్టింది" అని ఎవరో గొణిగారు. మరుక్షణం జనం భటుల మీదికి కదిలారు. గురివి ఆ గందరగోళంలో స్తంభం వెనక చేరి దబ్బనంతో కట్లు విప్పుతోంది. ముడి గట్టిది. ఆమె దాన్ని కట్టినవాణ్ణి తిడుతూనే ఒక్కో పోగూ లాగింది.

ధూమ్రపాదుడు కత్తిని పీకి దూరంగా విసిరాడు. కాషాయంలోంచి కంచు బాకు తీశాడు. ఆయన ఇనుము దగ్గర పెట్టుకోడు, ఎందుకో ఇప్పుడు అందరికీ తెలిసింది. ఒక చేత్తో గండమనాయకుడి సంకెలను గుంజి, ముసలాయన గొంతు మీద బాకు ఆనించి, ఇనుపకట్ల తలుపు వైపు జరిగాడు.

"బాబాయ్" అన్నాడు శరభపాలుడు.

అనకూడదని గుళ్ళో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మింగిన మాట అది. గండమనాయకుడు తలెత్తాడు. మసిపళ్ళ పిచ్చివాణ్ణి చూశాడు. ఆయన మొహం ఒక్కసారి వెలిగింది. ధూమ్రపాదుడు కూడా చూశాడు.

"ఓహో, నువ్వేనా. రా యువరాజా, లోపల మాట్లాడుకుందాం" అని ధూమ్రపాదుడు తలుపుకు రొమ్ము ఆనించి తెరిచి, ముసలాయన్ని లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. గడియ పడింది.

కట్లు తెగాయి. శరభపాలుడు నేల మీది కత్తి కోసం వంగబోయాడు. గురివి దాన్ని కాలితో తన్నేసింది.

"ఇనపది వద్దు. వాడి రొమ్ముకే పోయి అతుక్కుంటాది. సూదిని గూడా దారి తప్పిస్తాది. బల్ల కింద కంచుది ఉండాది, తీసుకో." మెడలోని ఉసిరికాయంత రాయిని తలుపుకు ఆనించి పక్కకు జరిపింది. ఏమీ కాలేదు. మళ్ళీ జరిపింది. "నా రాయి చిన్నది" అని విసుక్కుంది. రాయిని తిప్పి, తలకు బదులు తోక ఆనించి, నింపాదిగా మూడోసారి జరిపింది. లోపల గడియ కదిలింది.

ఆమె బుట్టలోంచి రాయికి రుద్దిన సూదిని తీసి, దాని నడిమికి దారం కట్టి అతని పాగాకు గుచ్చింది. ప్రమిద ఒకటి చేతికిచ్చింది. "నా రాయి నాకాడే ఉంటాది, లేకపోతే సూది దీనికేసి చూస్తాది. ఎనక్కి రావాల అల్లుడా. నిజంగా చెప్తా ఉండా."

తలుపు వెనక మెట్లు కిందికి దిగాయి. మెట్ల చివర నేల మూడు బాటలుగా చీలింది. మూడూ ఒక్కలాగే చీకటిగా ఉన్నాయి. మూడింటిలోనూ ఒక్కలాగే గబ్బిలాల వాసన. చెవి పెట్టి విన్నా చప్పుడు లేదు. శరభపాలుడు దారం కొసను పళ్ళ మధ్య పట్టుకుని సూదిని కిందికి వేలాడదీశాడు. కుడిచేతిలో కంచుకత్తి, ఎడమచేతిలో ప్రమిద. తాను పడమటికి దిగాడు గనక ఉత్తరం కుడివైపు ఉండాలి. సూది కుడివైపు చూడలేదు. ఎడమ బాట వైపు తల పెట్టి సన్నగా వణుకుతోంది. భరిణెలోని రాయి అటే ఉంది.

అతను ఎడమ బాటలో నడిచాడు. సూది తిన్నగా ముందుకు చూపిస్తూనే ఉంది. వంద అడుగులు. నూట ఇరవై. వణుకు పెరిగింది. గోడల్లో మనిషి పట్టేంత గూళ్ళు ఉన్నాయి, ప్రమిద వెలుగు వాటి లోపలికి అందడం లేదు. ఒక గూటి ముందునుంచి దాటుతుండగా సూది కుడికి తిరిగింది. అతను ఇంకో అడుగు వేశాడు. సూది ఇంకా తిరిగింది. రెండో అడుగుకు అది పూర్తిగా వెనక్కి తిరిగి, తిన్నగా అతని వీపు వెనకకు చూస్తూ నిలబడిపోయింది.

శరభపాలుడు ఆగాడు. వెనక్కి తిరగలేదు. వెనక ఒక ఊపిరి ఉంది. ఎవరి చెయ్యో ఎవరి నోటినో మూసి ఉంచిన మరో ఊపిరీ ఉంది. బాకు ఎవరి గొంతు మీద ఉందో అతనికి తెలుసు. తిరిగి చూస్తే ఆలస్యమైపోతుంది.

అతను నోరు తెరిచాడు. దారం పళ్ళ మధ్య నుంచి జారిపోయింది.

"బాబాయ్, కొమ్మ."

వెనక సంకెల నేలకు తగిలిన చప్పుడైంది. ముసలాయన వంగాడు. శరభపాలుడు కత్తిని ఆయన తల మీదుగా, ధూమ్రపాదుడి మెడ ఎత్తున వెనక్కి తిప్పాడు.